స్మగ్లర్‌ని హీరో చేసిన పాత సినిమాలు: దోషం దురాశదా, చట్టానిదా?

బీచ్‌రోడ్డు:
మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని 'దీవార్' చూశాం. 1975 నాటి హిందీ సినిమా. మన ఎన్టీఆర్ 'మగాడు' (1976) దీనికి రీమేకే. బొంబాయి రేవులో కూలీ విజయ్, బంగారం స్మగ్లర్ దావర్ దగ్గర చేరి, తల్లి ఇటుకలు మోసిన భవనాన్నే కొనే స్థాయికి ఎదుగుతాడు. చివర్లో పోలీసు తమ్ముడు అతన్ని కాలిస్తే పదిహేనేళ్ల మా వాడు కళ్లు తుడుచుకున్నాడు. ఎవరి కోసం? స్మగ్లర్ కోసం! దురాశకి మంచి బట్టలు తొడిగి మన పిల్లల ముందు నిలబెట్టారు. ఇది తప్పు కాదా?

పాతపోస్టాఫీసు:
గురూ, అతను డబ్బు కోసం మొదలెట్టలేదు. కూలీల దగ్గర వారం వారం మామూళ్లు గుంజే రౌడీలకి ఎదురు తిరిగాడు. ఆ భవనంలో తల్లి ఉందా? చిన్నకొడుకుతో వెళ్లిపోయింది. శిక్ష అక్కడే పడిపోయింది.

కురుపాంమార్కెట్:
ఇద్దరూ అసలు బంగారం సంగతే వదిలేశారండీ.

1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చింది. 14 క్యారెట్లు దాటి నగ చెయ్యకూడదన్నారు. అంటే నూటికి 58 పాళ్లే బంగారం, మిగతాది రాగీ వెండీ. మా తాతగారు విశాఖ వన్‌టౌన్‌లో కంసాలి. ఆ కలగలుపు లోహం సన్నపనికి లొంగేది కాదని, సుత్తి దెబ్బకి అంచులు చిట్లేవని చెప్పేవారు. పుస్తెలకి వచ్చినవాళ్లు "ఇదేం బంగారం, వద్దు బాబూ" అని తిరిగి వెళ్లిపోయేవారట. కుంపటి ఆరిపోయింది. తాతగారు పోర్టులో మూటలు మొయ్యడానికి వెళ్లారు. ఆయన ఊదుగొట్టం, తూకానికి వాడే గురివింద గింజల డబ్బా ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి.

తర్వాత ఆ నిబంధన సడలించినా, 1968 చట్టంతో మామూలు మనిషి ఇంట్లో బంగారం కడ్డీ ఉంటేనే నేరం అయింది. పెళ్లిళ్లు ఆగాయా? ఆగలేదు. అందుకే దుబాయ్ నుంచి పది తులాల బిస్కెట్లు, ఒక్కోటి 116 గ్రాముల పైచిలుకు, పడవలెక్కి వచ్చాయి. 1990లో చట్టం రద్దయింది. 1992లో ప్రవాసులు 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. దావర్ లాంటివాళ్ల గిరాకీ అక్కడితో పడిపోయింది. 2013లో దిగుమతి సుంకం 10 శాతానికి పెంచారు, దొంగబంగారం మళ్లీ జోరందుకుంది. దావర్‌ని పుట్టించింది దురాశ ఒక్కటేనా?

బీచ్‌రోడ్డు:
మేష్టారూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ మీ మాటలోనే నా జవాబు ఉంది. అదే చట్టం మీ తాతగారి కుంపటీ ఆర్పింది. ఆయన రేవుకెళ్లి మూటలు మోశారు గానీ దావర్ దగ్గరికి పోలేదు. ఆయన మీద సినిమా ఎవరైనా తీశారా? నా కోపమంతా అదే.

పాతపోస్టాఫీసు:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కురుపాంమార్కెట్:
చెప్పాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను.

తాతగారు పోర్టులో చేరాక ఒక రాత్రి మా పెరటి గుమ్మంలోకి తెలిసినాయన వచ్చాడట. వచ్చే వారమే కూతురి పెళ్లి. రుమాలు మడతలో సగం కోసిన బిస్కెట్, దాని మీద పరదేశపు ముద్ర. తాతగారు ఆరిన కుంపటిని మళ్లీ అంటించి కరిగించారు, తెల్లారేలోపు పుస్తెలు చేసిచ్చారు. కూలి తీసుకోలేదు. "ఆ ముద్ర పూర్తిగా పోయేదాకా ఊదుతూనే ఉన్నాన్రా" అని నాతో ఒక్కసారే అన్నారు, అదీ ఆఖరి రోజుల్లో.