అప్‌డేట్: మా కుక్క నాలుక కింది గడ్డ క్యాన్సర్ కాదు

మా ఏడేళ్ల లాబ్రడార్ నాలుక కింద ఎడమవైపు మెత్తని గడ్డ లేచిందని, తినేటప్పుడు రక్తపు చారలు వస్తున్నాయని నెల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. వెంటనే సూది పరీక్ష చేయించమన్న సలహాయే పనికొచ్చింది.

సూదితో లాగితే తేనెలా సాగే చిక్కటి ద్రవం వచ్చింది. క్యాన్సర్ కణాలు లేవు. లాలాజలం గ్రంథి నుంచి కారి నాలుక కింద నిలిచిపోయిందట. దీన్ని రాన్యులా అంటారు. ద్రవం తీసేసినా మూడు రోజుల్లో మళ్లీ నిండింది. అందుకే ఆ వైపు దవడ కింది, నాలుక కింది గ్రంథులను ఆపరేషన్ చేసి తొలగించారు. మిగతా గ్రంథులు ఉన్నాయి కాబట్టి నోరు ఎండిపోలేదు.

ఆహారం మార్చడం, పసుపు రాయడం వల్ల ఏ ప్రయోజనమూ లేకపోయింది. గడ్డ గట్టిగానో పుండులానో ఉంటే మాత్రం బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) తప్పదని డాక్టరు మరీ మరీ చెప్పారు.

నిన్న పెరుగన్నం గిన్నె మొత్తం నాకేసింది. చూస్తూ ఏడ్చేశాను.