‘అల వైకుంఠపురంబులో’: ఆమూల, దాపల అన్న మాటలు, చోటుతో ఉత్కంఠ కట్టే పద్ధతి

గోదారిగట్టు:

చిన్ననాటి ఇంటినో ఊరినో ఆధారం చేసుకుని సస్పెన్స్ నవల రాసేవాళ్లకు ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. చోటు రాసేవాళ్లకు కొట్టినపిండి, చదివేవాళ్లు మాత్రం రెండో పేజీలోనే దారి తప్పుతారు. ఇక్కడ ఛందస్సు తెలిసినవారూ నవలల ప్రూఫులు దిద్దేవారూ ఉన్నారు కనుక పోతన భాగవతంలో, మొసలికి చిక్కిన ఏనుగును విష్ణువు కాపాడే గజేంద్రమోక్షంలోని ఈ మత్తేభ పద్యాన్ని చర్చకు పెడుతున్నాను.

అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహి పాహి యనఁ గుయ్యాలించి సంరంభియై

ఊరు, నగరి, మేడ, మేడ పక్క తోట, తోటలో కొలను, కొలను గట్టు, గట్టున చంద్రకాంత శిల, శిల మీద కలువల పాన్పు. ఎనిమిది మెట్లు దిగాక గానీ మనిషి కనపడడు. రెండు ప్రశ్నలు. ‘ఆమూల’, ‘దాపల’ అన్నవాటిని ఎలా అర్థం చేసుకోవాలి? ఈ పద్ధతి నేటి వచనంలో పనికొస్తుందా? పరీక్షకు ఒక వాక్యం ఇస్తున్నాను: “తాతగారి పాత మండువా ఇంట్లో పడమటి వసారాలో చివరి గదిలో ఎడమవైపు అటక మీద ఉన్న ఇత్తడి గంగాళంలో తాళంచెవి లేదు.” ఇందులో ఏం చెడింది?

ఛందోమిత్ర:

ముందు పద్యం సంగతి. పాదాల చివరలు గమనించండి. ‘దా’ దగ్గర ఆగితే మాట లేదు, ‘పల’ కోసం కిందికి దిగాలి. ‘లో’ దగ్గర ఆగితే ‘త్పల’ మిగిలిపోతుంది. ‘వి’ దగ్గర ఆగలేం, ‘హ్వల’ కావాలి. మూడు పాదాంతాల్లోనూ మాట విరిగింది. చదివేవారికి ఊపిరి తీసుకునే చోటు దొరకదు. పోనీ నాలుగో పాదం చివరనైనా ఆగుదామంటే అక్కడున్నది ‘సంరంభియై’, అసమాపకం, అంటే వాక్యాన్ని ముగించని క్రియ. విష్ణువు ఏం చేశాడన్నది తర్వాతి పద్యంలోకి పోతేగానీ తెలియదు.

ఆ తర్వాతి పద్యం కూడా మత్తేభమే. ‘సిరికిం జెప్పఁడు’తో మొదలై ఆరు వ్యతిరేక క్రియలు: చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. మొదటి పద్యంలో చోటు మెల్లగా ఇరుకైంది, రెండోదానిలో పని ఒక్కసారిగా పరుగెత్తింది. ఛందస్సు మారలేదు, క్రియల సంఖ్య మారింది. ఉత్కంఠ నవల రాసేవారు ఈ రెండు పద్యాలనూ కలిపే చదవాలి. మొదటిదాన్ని మాత్రం చూసి వర్ణనలు పెంచుకుంటూ పోతే ప్రయోజనం లేదు.

‘ఆమూల’కు రెండు రకాల అన్వయం ఉంది. ‘ఆ మూల సౌధం’ అని విడదీస్తే అదిగో ఆ మూలనున్న మేడ. ‘మూల’ను మొదలు, ప్రధానం అనుకుంటే నగరిలోని ముఖ్యమైన మేడ. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో నియమించిన అక్షరంతో కుదరాల్సిన పొత్తు, రెండింటికీ సరిపోతుంది. మొదటి అక్షరం ‘అ’, పద్నాలుగో అక్షరం ‘నా’లో కలిసివున్న ‘ఆ’. కనుక ఛందస్సు తీర్పు చెప్పదు. నా మొగ్గు ‘ఆ మూల’ వైపు. ‘అల’ అని దూరానికి వేలు చూపించి మొదలుపెట్టిన కవి, ‘ఆ’ అని మళ్లీ వేలు చూపించడం సహజంగా ఉంది.

ఓరుగల్లు పాఠకురాలు:

‘దాపల’ను చాలామంది దాపున, అంటే దగ్గర అని చెబుతారు. ఇంకో అర్థమూ ఉంది: ఎడమ. అరక కట్టేవాళ్ల మాటల్లో దాపటి ఎద్దు ఎడమది, వలపటి ఎద్దు కుడిది. ఇక్కడ గమనించాల్సింది, ఆ ఎడమ ఎవరి ఎడమ అన్న అనుమానం రైతుకు రాదు. కాడి వెనక మనిషి నిలబడే చోటు ఎప్పుడూ ఒక్కటే కాబట్టి.

గోదారిగట్టు గారూ, మీ వాక్యంలోని ‘ఎడమవైపు అటక’ సరిగ్గా అక్కడే చెడింది. గదిలోకి వస్తున్నవాడి ఎడమా, బయటికి పోతున్నవాడి ఎడమా? పది పేజీల తర్వాత ఇంకో పాత్ర ఎదురు దిక్కునుంచి వస్తే అటక గోడ మారిపోతుంది. ఊళ్లో ఎవరూ ఇంటి లోపల ఎడమ, కుడి అనరు కూడా. తూర్పు గది, ఉత్తరపు వాకిలి, పడమటి గోడ అంటారు. దిక్కులతో రాస్తే పాత్ర ఎటు తిరిగినా గోడ కదలదు. పైగా పొద్దు కూడా మీకు సాయం వస్తుంది. పడమటి వసారాలోకి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది, పొద్దున అది మసకగానే ఉంటుంది. ఏ వేళకు ఎవరి నీడ ఏ గోడ మీద పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

ఇంకో సంగతి. పోతన బమ్మెరవాడు, ఇప్పటి జనగామ జిల్లాలో ఉందా ఊరు. అందుకని ఈ నగరి ఓరుగల్లు కోటేననీ ఈ కొలను ఫలానా చెరువేననీ చెప్పేవాళ్లున్నారు. దానికి ఆధారం లేదు. చెప్పగలిగినదల్లా ఒకటే. నగరి, మేడ, దాపల, కొలను గట్టు అనేవి నేల మీద తిరిగినవాళ్ల మాటలు. చూడని లోకానికి దారి చెప్పడానికి కూడా ఎరిగిన మాటలే కావాలి.

ప్రూఫుబల్ల:

నవలల ప్రూఫుల్లో పదే పదే దొరికే తప్పులు చెబుతాను. చిన్ననాటి జ్ఞాపకం నుంచి రాసినవాటిలో ఇవి ఎక్కువ.

తలుపుల దగ్గర ఎక్కువమంది పడిపోతారు. గొళ్లెం, గడియ, అడ్డగడియ ఒకటి కావు. గొళ్లెం గొలుసులా వేలాడుతుంది, దాన్ని ద్వారబంధానికి దిగ్గొట్టిన కొంకీకి తగిలిస్తారు. అది బయటవైపు ఉండొచ్చు, లోపలవైపూ ఉండొచ్చు. తాళంకప్ప వేసేది దానికే. అడ్డగడియ లోపల ఉన్న మనిషే వేయాలి. “గదికి గడియ పెట్టి ఉంది, లోపల శవం” అని రాస్తే పాఠకుడు వెంటనే అడుగుతాడు, లోపలి గడియా బయటి గొళ్లెమా అని. హంతకుడు లోపల ఉన్నాడా వెళ్లిపోయాడా అన్న కథ మొత్తం ఆ ఒక్క మాట మీద నడుస్తుంది.

రెండోది కొలత. ఆరేళ్ల పిల్లవాడి కళ్లు నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటాయి. వాడి జ్ఞాపకంలో అటక ఆకాశంలో ఉంటుంది, బావి ఒర మనిషెత్తు ఉంటుంది, దొడ్డి ఒక మైదానం. అదే జ్ఞాపకాన్ని నలభై ఏళ్ల పాత్రకు అంటిస్తే వాడు చేత్తో అందుకోగలిగిన అటకకు నిచ్చెన వెతుక్కుంటూ కనిపిస్తాడు. పిల్లవాడి చూపే కావాలంటే ఆ అధ్యాయాన్ని పిల్లవాడి కళ్లతోనే రాయాలి. లేదంటే నిజమైన ఎత్తులు కాగితం మీద పెట్టుకోవాలి. ఇంటి పటం ఒకటి గీసి, ప్రతి తలుపు ఎటు తెరుచుకుంటుందో, గొళ్లెం ఏ వైపుందో, ఏ గదిలో దగ్గితే ఏ గదికి వినపడుతుందో గుర్తులు పెట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

మూడోది ఋతువు. మడతబందులు లేని పాత తలుపులు పైనా కిందా కొయ్యమొనల మీద తిరుగుతాయి. వానాకాలంలో కొయ్య ఉబ్బి రెక్క గడపకు పట్టేస్తుంది, భుజంతో తోస్తేగానీ కదలదు. శ్రావణమాసం ముసురులో ‘తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది’ అని రాస్తే, అలాంటి ఇంట్లో పెరిగిన పాఠకుడు ఆ రచయితను ఇక నమ్మడు. అదే రోజు ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలిన మండువాలో పడే వాన చప్పుడుకు అడుగుల చప్పుడు కలిసిపోతుంది. వాన ఆగిన క్షణాన మిగిలిన చప్పుడు వినపడుతుంది. ఈ రెండో సంగతిని ఎవరూ వాడుకోవడం లేదు, నాకు అది నిజంగా బాధ.

ఒకే మాట ప్రాంతాన్ని బట్టి మారుతుందని కూడా మరవకూడదు. మండువా అన్నారంటే కథ కోస్తాలో ఉంది. తెలంగాణ పల్లెలో అర్ర, దర్వాజ వినిపించాలి. రాయలసీమ అయితే మట్టిమిద్దె, దాని నడినెత్తిన వెలుతురుకు వదిలిన కంత. ఆ కంతలోంచి కిందికి చూడొచ్చు, మండువా చుట్టూ ఉన్న పెంకుల వాలు మీద నడిస్తే పెంకు విరుగుతుంది. ఇల్లు మారితే నేరం జరిగే తీరే మారాలి.

గోదారిగట్టు:

చాలా ఉపయోగమండీ. మరి వాక్యం పొడవు సంగతి? పోతన ఎనిమిది మెట్లు ఒక్క ఊపులో దిగాడు కదా, వచనంలో ఎందుకు కుదరదు?

ఛందోమిత్ర:

విభక్తుల వల్ల. పద్యంలో ‘లో’ రెండుసార్లే వచ్చింది, పురంబులో, నగరిలో. ‘మందారవన’ నుంచి ‘పర్యంక’ దాకా ఒకే సమాసం. మాటల మధ్య ప్రత్యయమే లేదు. లయ మోసుకుపోతుంది. మీ వాక్యంలో ఇంట్లో, వసారాలో, గదిలో, గంగాళంలో అని నాలుగు ‘లో’లు, మధ్యలో ‘అటక మీద ఉన్న’. ప్రతి ‘లో’ దగ్గరా పాఠకుడు ఒక గది కట్టుకుని, తర్వాతి మాటకు దాన్ని వదిలేయాలి. వచనంలో మూడు మెట్లకు మించి క్రియను ఆపి ఉంచితే మొదటి మెట్టు మరుగున పడుతుంది. మూడో మెట్టు దగ్గర ఒక చిన్న వాక్యం ముగించండి. తెలుగులో క్రియ లేకుండానే వాక్యం నిలబడుతుంది, ఆ సౌకర్యం వాడుకోండి.

కృష్ణాతీరం:

ఒక భిన్నాభిప్రాయం. విష్ణువు వస్తాడని భాగవతం వినేవాళ్లందరికీ తెలుసు. అలాంటప్పుడు దీన్ని ఉత్కంఠ అనొచ్చా?

ఛందోమిత్ర:

అనొచ్చు. వస్తాడా రాడా అన్నది ఏనుగు ప్రశ్న. ‘కలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో’ అని ముందే అడిగింది. వినేవారి ప్రశ్న వేరు, ఈలోపు ఏనుగు నిలుస్తుందా అని. ‘లావొక్కింతయు లేదు’ పద్యంలో బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది అని వరసగా చెప్పేశాడు. ఇక గడువు లేదని మనకు తెలిశాకే కవి మడుగును వదిలి వైకుంఠానికి వెళ్లి కలువల పాన్పు చూపిస్తున్నాడు. అపాయాన్ని ముందు చూపించకుండా ఈ వర్ణన పెట్టి ఉంటే అది ఉట్టి వర్ణనే అయ్యేది. నవలలో తాతగారి ఇంటి వర్ణన మొదటి అధ్యాయంలో నాలుగు పేజీలు పెడితే చప్పబడేది ఇందుకే. అదే వర్ణనను, ఇంట్లో ఇంకెవరో ఉన్నారని పాఠకుడికి తెలిశాక పెట్టాలి.

ఓరుగల్లు పాఠకురాలు:

ఉన్న ఇంటిని ఉన్నట్టే దించాల్సిన పని లేదన్నదీ చేరుస్తాను. డాఫ్నీ డ్యూ మారియర్ 1938 నాటి ‘రెబెక్కా’లోని మాండర్లీ భవనానికి రెండిళ్లు ఆధారం. చోటు, చుట్టూ అడవి, సముద్రం కార్న్‌వాల్‌లోని మెనబిల్లీవి. లోపలి గదుల తీరుకు మాత్రం చిన్నతనంలో చూసిన మిల్టన్ హాల్ అనే ఇంకో పెద్ద ఇల్లు. రాయడం మొదలుపెట్టింది ఈజిప్టులో ఉన్నప్పుడు. మెనబిల్లీని అద్దెకు తీసుకుని అందులో కాపురమున్నది 1943 నుంచి, అంటే నవల వచ్చాక. మనవాళ్లకూ ఇది పనికొస్తుంది. ఒక ఇంటి మండువా, ఇంకో ఇంటి దొడ్డి కలిపితే కథకు కావలసిన దారి దొరుకుతుంది. బతికున్న బంధువుల ఇల్లు ఇదేనని ఊళ్లో వేలు చూపించే ఇబ్బందీ తప్పుతుంది. కలిపాక పటం మాత్రం కొత్తగా గీసుకోవాలి. లేకపోతే మొదటి ఇంటి బావి రెండో ఇంటి వంటగదిలో తేలుతుంది.

ప్రూఫుబల్ల:

వాక్యానికి నా సవరణ. అపాయం ముందే తెలిసిందన్న లెక్కలో:

“పడమటి వసారా చివర గది. గొళ్లెం బయటివైపు. అటక మీద గంగాళం, మూత మాత్రం కొత్తది. మూత జరిపి చెయ్యి పెట్టాడు. అడుగున చేతికి తగిలింది తాళంచెవి కాదు.”

‘తాతగారి’, ‘పాత’ తీసేశాను, అవి ముందు పేజీల్లో వచ్చి ఉంటాయి. ‘ఎడమవైపు’ అక్కర్లేదు, ఆ గదిలో ఒకటే అటక. ‘ఇత్తడి’ని కూడా వదిలాను, గంగాళం అనగానే ఇత్తడిదో రాగిదో మనసుకు వస్తుంది. మట్టిదైతేనే చెప్పాలి.

గోదారిగట్టు:

‘మూత మాత్రం కొత్తది’ మీరు చేర్చారు. అది ఉంచేస్తున్నాను. అలాగైతే ఆ మూత ఎవరు తెచ్చారో మూడో అధ్యాయంలో సంతకు వెళ్లే సన్నివేశంలో చెప్పి ఉండాలి కదండీ?

ప్రూఫుబల్ల:

అవునండీ. సంతలో కొన్న సామాన్ల మధ్య ఒక్క మాటగా చెప్పేయండి, దాన్ని చివరి సామానుగా మాత్రం పెట్టకండి. చివరిది పాఠకుడికి గుర్తుండిపోతుంది.