ఎండ, లేజర్ వల్ల మిర్రర్‌లెస్ కెమెరా సెన్సార్‌కు ఎంత ముప్పు? గులాబీ మచ్చ, సన్నటి గీత దేనివల్ల?

వెలుగునీడ (ప్రశ్న):
రెండు సందేహాలండి. మిర్రర్‌లెస్ కెమెరా బాడీకి 100-400 మి.మీ. లెన్సు వేసి, ట్రైపాడ్ మీద సూర్యోదయం టైమ్‌ల్యాప్స్ తీయాలి. సూర్యుడు ఫ్రేము దాటేదాకా కెమెరా కదలదు. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లు రోజూ చేసే పనే, ఏమీ కాదని కొందరు, సెన్సార్ కాలుతుందని కొందరు అంటున్నారు. అపర్చర్ (లెన్సు రంధ్రం) బాగా చిన్నది చేసి ఎఫ్/16 పెడితే సరిపోతుందా?

రెండోది, కొనాలనుకుంటున్న సెకండ్ హ్యాండ్ బాడీ గురించి. శాంపిల్ ఫొటోల్లో ఒక మూల లేత గులాబీ మచ్చ, ఇంకోచోట పైనుంచి కిందిదాకా సన్నటి గీత ఉన్నాయి. అమ్మే ఆయన దుమ్మేనని, క్లీన్ చేస్తే పోతుందని చెబుతున్నారు. నిజమేనా?

కటకం:
ల్యాండ్‌స్కేప్ వాళ్ల మాట 24 మి.మీ. లెన్సుకు నిజమే, 400కు మాత్రం కాదు. సెన్సార్ మీద పడే సూర్యబింబం వ్యాసం కావాలంటే ఫోకల్ లెంగ్త్‌ను సుమారు 109తో భాగించండి. 24కు 0.22 మి.మీ., 400కు 3.7 మి.మీ. రెండూ ఎఫ్/5.6లో ఉంటే బింబంలో చదరపు మిల్లీమీటరుకు పడే వెలుగు ఒక్కటే. తేడా అంతా మొత్తం వేడిలో ఉంది. 24 లెన్సు రంధ్రం 4.3 మి.మీ. మాత్రమే. చదరపు మీటరుకు 1000 వాట్ల మంచి ఎండలో దాని గుండా వచ్చేది 15 మిల్లీవాట్లు. 400కు రంధ్రం 71 మి.మీ., వచ్చేది 4 వాట్ల దాకా. గాజులో, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్‌లో కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు. చిన్న చుక్కలో పుట్టిన వేడి చుట్టూ ఉన్న సిలికాన్‌లోకి పాకి చల్లారుతుంది. పెద్ద బింబం మధ్యలో ఉన్న వేడికి అంత సులువుగా దారి దొరకదు.

పైగా ఆకాశంలో సూర్యుడు తన వ్యాసమంత దూరం జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. సెన్సార్ మీద ఒక్కో చోటు అంతసేపు వేడెక్కుతుందన్నమాట. సూర్యుడి వెంట కెమెరాను తిప్పే ట్రాకర్ మీద పెడితే బింబం అసలు కదలదు, అది మరీ ప్రమాదం.

ఎఫ్/16 గురించి: ఎఫ్/5.6తో పోలిస్తే వెలుగు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కానీ చాలా బాడీలు లైవ్ వ్యూలో (తెర మీద దృశ్యం చూపేటప్పుడు) అపర్చర్‌ను తెరిచే ఉంచి, క్లిక్ అయ్యే క్షణంలోనే మూస్తాయి. టైమ్‌ల్యాప్స్‌లో రెండు ఫ్రేముల మధ్య విరామమే ఎక్కువ కాబట్టి మీరు పెట్టిన ఎఫ్/16 కాగితం మీదే ఉంటుంది. ముందురోజే కెమెరాను నీడలో పెట్టి, లెన్సు ముందునుంచి బ్లేడ్లు ఎప్పుడు మూసుకుంటున్నాయో చూసుకోండి.

సూర్యుడు ఎర్రగా క్షితిజాన్ని అంటుకుని ఉన్నంతసేపు వాతావరణమే చాలా వెలుగును ఆపుతుంది. రంగు పసుపు నుంచి తెలుపుకు తిరుగుతుండగానే షూట్ ముగించి క్యాప్ పెట్టండి. ఆ తర్వాత కూడా తీయాలంటే ఆప్టికల్ డెన్సిటీ 5 ఉన్న సోలార్ ఫిల్టర్ కావాలి. అది వెలుగును లక్షో వంతుకు తగ్గిస్తుంది, కాబట్టి నేల అసలు కనిపించదు. దాన్ని లెన్సు ముందే బిగించాలి. వెనక స్లాట్‌లో పెడితే అప్పటికే గుమిగూడిన వేడికి పగలొచ్చు. వెలుగును వెయ్యో వంతుకు తగ్గించే 10 స్టాపుల మామూలు ఎన్‌డీ ఫిల్టర్ దీనికి బదులు కాదు. వాటిలో చాలా రకాలు కంటికి కనిపించే వెలుగును ఆపి ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలేస్తాయి.

సెన్సార్‌బెంచ్:
రెండో ప్రశ్నకు నా జవాబు: దుమ్ము గీత గీయదు. అయినా పరీక్ష సులువే, అమ్మే ఆయన్ని ఈ రా ఫైళ్లు (సెన్సార్ నుంచి వచ్చిన అసలు డేటా) అడగండి. జేపెగ్ వద్దు, కెమెరా అందులో లోపాలు కప్పేస్తుంది.

మొదట తెల్లగోడ, ఫోకస్ పూర్తిగా తప్పించి, ఒకటి ఎఫ్/2.8 లేదా లెన్సుకున్న అతిపెద్ద అపర్చర్‌లో, ఒకటి ఎఫ్/16లో. దుమ్ము సెన్సార్ ముందున్న గాజు మీద ఉంటుంది కాబట్టి ఎఫ్/16లో నల్లగా, అంచులు తెలిసేలా కనిపించి, ఎఫ్/2.8లో చెదిరిపోతుంది. కాలిన మచ్చ రెండిటిలోనూ ఒకేలా, ఒకే చోట ఉంటుంది. లెన్సు మార్చి మరొకటి తీయిస్తే లెన్సు తప్పేమోనన్న అనుమానం కూడా తీరుతుంది.

తర్వాత క్యాప్ పెట్టి, ఐఎస్‌ఓ 100లో సెకనులో 60వ వంతు ఒకటి, 30 సెకన్లది ఒకటి, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేసి. చీకటి ఫ్రేములో కూడా గీత ఉంటే ఆ కాలమ్ (నిలువు పిక్సెళ్ల వరుస) వైరింగ్ పోయినట్టే. మచ్చ చీకట్లో మాయమై వెలుగులోనే కనిపిస్తే పిక్సెళ్ల మీది పొరలు కాలాయి. సిలికాన్ మొండిది, దాని మీదుండే మైక్రోలెన్సు, రంగుల ఫిల్టర్ మాత్రం ప్లాస్టిక్ జాతివి, అవే ముందు పోతాయి. గులాబీ రంగు అందుకే: ఫిల్టర్లు పోయాక అన్ని పిక్సెళ్లూ దాదాపు ఒకే వెలుగు చూస్తాయి. వైట్ బ్యాలెన్స్ ఎరుపునూ నీలాన్నీ పెంచేసరికి ఆ చోటు గులాబీకి తిరుగుతుంది.

30 సెకన్ల ఫ్రేములో అక్కడక్కడ రంగు చుక్కలుంటే కంగారు పడొద్దు, అవి హాట్ పిక్సెళ్లు. సెన్సార్ వేడి 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా పిక్సెల్‌లో పుట్టే కరెంట్) రెట్టింపవుతుంది, చుక్కలూ పెరుగుతాయి. మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ చేస్తే చాలావరకు పోతాయి. కాలిన మచ్చకు అది పనిచేయదు. మ్యాపింగ్ పక్క పిక్సెళ్ల నుంచి విలువ తెచ్చి నింపుతుంది, అక్కడ పక్కవి కూడా పోయుంటాయి.

వెలుగునీడ:
చాలా థ్యాంక్సండి. గీత లేజర్ వల్ల కావచ్చా? కార్ల లైడార్ (లేజర్ కిరణాలతో దూరం కొలిచే పరికరం) వల్ల కూడా వస్తుందని విన్నాను.

నీలికాంతి:
కావచ్చు. స్టేజీ లేజర్ దెబ్బకు గీతలు మామూలే. సన్నటి కిరణం మొత్తం లెన్సులో దూరి సెన్సార్ మీద కొన్ని మైక్రాన్ల చుక్కగా కుదురుకుంటుంది. పొరలను దాటి లోపలి సన్నటి లోహపు తీగలను కూడా కాలుస్తుంది. ఒక్క తీగ పోతే దానిమీద ఆధారపడ్డ వరుసంతా పోతుంది. ఇక్కడ నిమిషాల లెక్క ఉండదు, కిరణం ఒక్కసారి తగిలినా చాలు. కాబట్టి ప్రదర్శనకు ముందే ప్రొజెక్టర్లు ఎటు తిరుగుతాయో నిర్వాహకుల్ని అడిగి, ప్రేక్షకుల మీదికి కిరణాలు వచ్చే చోట నిలబడకండి.

లైడార్ సంగతి వేరు. కొన్ని 1550 నానోమీటర్ల కిరణాలు వాడతాయి. ఆ తరంగాన్ని కంటి ముందుభాగంలోని నీరే పీల్చుకుంటుంది, రెటీనా దాకా పోనివ్వదు. అందుకే వాటికి ఎక్కువ శక్తి అనుమతిస్తారు. కెమెరా లెన్సులో ఆ నీరు లేదు, అది కిరణాన్ని తిన్నగా సెన్సార్ మీదికి చేరుస్తుంది. దగ్గరగా, టెలిఫొటోతో, కారు పైనున్న లైడార్‌కు సూటిగా గురిపెట్టడం ప్రమాదం. దూరం నుంచి వైడ్ లెన్సుతో ముప్పు బాగా తక్కువ.

ఇంకోటి, ఇప్పటి సీమాస్ (CMOS) సెన్సార్ల వీడియోలో సూర్యుడి మధ్య నల్లచుక్క కనిపిస్తే అది దెబ్బ కాదు. పిక్సెల్ రీసెట్ విలువ కూడా వెలుగుతో నిండిపోయి, తీసివేతలో సున్నా వస్తుంది, అంతే. పాత ట్యూబు కెమెరాలు నిజంగానే సున్నితం. 1969 నవంబరులో అపోలో 12 టీవీ కెమెరా చంద్రుడి మీద సూర్యుడి వైపు తిరగగానే ట్యూబు పాడై ప్రసారం ఆగిపోయింది.

సెన్సార్‌బెంచ్:
గీత, మచ్చ రెండూ ఉన్న బాడీకి సెన్సార్ మార్చడమే దారి, దానికయ్యే ఖర్చు కలిపి లెక్కేస్తే ఆ బేరం గిట్టదు, వదిలేయండి. టైమ్‌ల్యాప్స్ విషయంలో ఒక్కటి చేర్చాలి. ఆఫ్ చేసినప్పుడు షట్టర్ మూసే బాడీలున్నాయి, అది రక్షణ అనుకోవద్దు. టెలిఫొటో సూర్యుడి వైపే ఉంటే ఆ పల్చటి షట్టర్ బ్లేడ్లు వంకరపోతాయి. లెన్సు పక్కకు తిప్పి, క్యాప్ పెట్టాకే ఆఫ్ చేయండి.