వైన్ తాగితే దద్దుర్లు, వోడ్కాకి ఏమీ లేదు. ఇది అలర్జీయేనా?

ప్రశ్న (నిద్రమొహం):
వయసు 34. రెడ్ వైన్ అర గ్లాసు తాగానో లేదో, పది నిమిషాల్లో ముక్కు దిబ్బడేస్తుంది. చెవులు సెగలు కక్కుతాయి, మెడ మీద దద్దుర్లు లేస్తాయి. వోడ్కాతో ఇవేవీ లేవు. "ముందే ఒక సెట్రిజిన్ అలర్జీ మాత్ర వేసుకో, ఏం కాదు" అని ఫ్రెండ్స్ సలహా. వేసుకున్నాను కూడా. దద్దుర్లు రాలేదు గానీ పార్టీలో కుర్చీలోనే నిద్రపోయాను. ఫోటోలు ఇంకా తిరుగుతున్నాయి.

జవాబు 1:
వోడ్కా పడుతోందంటే మీకు పడనిది ఆల్కహాల్ కాదు, వైన్‌లోని మరేదో. అసలు ఆల్కహాల్‌కే అలర్జీ ఉండటం చాలా అరుదు. నా అనుమానం హిస్టమిన్ మీద. అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే రసాయనమే అది, కొన్ని తిండి పదార్థాల్లోనూ ఉంటుంది. రెడ్ వైన్‌లో అది ఎక్కువ. అదే ఎక్కువుండే బాగా మాగిన చీజ్ తిన్నప్పుడు కూడా ఇలాగే అవుతుందా?

జవాబు 2:
నాది వేరే కథ. చిన్నప్పటి నుంచి ఆస్తమా. వైట్ వైన్ రెండు గుక్కలకే ఛాతీ బిగుసుకుని పిల్లికూతలు వచ్చేవి. ఎండు ఆప్రికాట్లు తిన్నా అంతే. అదీ నారింజ రంగులో మెరిసేవాటితోనే, నల్లగా వడిలినట్టుండేవి హాయిగా పడేవి. ఆ మెరుపు సల్ఫైట్లదని (పాడవకుండా కలిపే రసాయనాలు) డాక్టర్ చెప్పాక గానీ రెండింటికీ లంకె తెలియలేదు. వైట్ వైన్‌లో సాధారణంగా రెడ్ కంటే ఇవి ఎక్కువ. ఐరోపాలో లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే సీసా మీద రాయాల్సిందే.

జవాబు 3:
ఆ సెట్రిజిన్ సలహా మాత్రం మానేయండి. దద్దుర్లు కనబడకుండా చేస్తుందేమో గానీ గొంతు వాస్తే ఆపలేదు. పైగా మద్యంతో కలిస్తే మత్తు ఎక్కువవుతుంది, మీకు తెలిసిందే. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తూర్పు ఆసియా వాళ్లలో చాలామందికి తాగగానే ముఖం ఎర్రబడుతుంది. అది అలర్జీ కాదు, ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ సరిగా పనిచేయక ఆల్కహాల్ నుంచి ఒంట్లో తయారయ్యే ఎసిటాల్డిహైడ్ పేరుకుపోవడం. మీది అదే అయితే వోడ్కాకీ రావాలి.

నిద్రమొహం:
చీజ్ మాట నిజమేనండి! తిన్నప్పుడల్లా ముక్కు కారుతుంది, జలుబు అనుకునేదాన్ని. ఆప్రికాట్లతో ఏ గొడవా లేదు. శుక్రవారం అలర్జీ డాక్టర్ దగ్గర స్కిన్ టెస్ట్ ఉంది.

జవాబు 1:
హిస్టమిన్ పడకపోవడం స్కిన్ టెస్ట్‌లో తేలదు, అలర్జీ ఉంటేనే తేలుతుంది. అయినా చేయించుకోండి, ద్రాక్ష లాంటివాటి సంగతి తెలుస్తుంది. సెట్రిజిన్ మాత్రం కొన్ని రోజుల ముందే ఆపాలి, లేకపోతే టెస్ట్ తప్పు చూపిస్తుంది. ఎన్ని రోజులో క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి.

నిద్రమొహం:
నిన్న రాత్రే తుమ్ములకి ఒకటి వేసుకున్నాను. డేట్ మార్పించుకుంటా.