మడమ నొప్పితో మే నెలలో అరుణాచలం యాత్ర: ఎలాంటి చెప్పులు కొనాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మే మూడో వారంలో ఇంట్లో అందరం కారులో కాణిపాకం, శ్రీపురం, అరుణాచలం, కంచి వెళ్దామనుకుంటున్నాం. నాకు సంక్రాంతి నుంచి కుడి మడమ నొప్పి. పొద్దున మంచం దిగి కాలు నేల మీద పెడితే మేకు దిగినట్టు ఉంటుంది. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఎముకల డాక్టరు ప్లాంటార్ ఫేసియైటిస్ అన్నారు. ఎక్స్‌రేలో మడమ దగ్గర ఎముక కొంచెం పెరిగిందని కూడా రాశారు, దాంతో ఇంకో టెన్షన్.

స్పోర్ట్స్ షూ వేసుకోమన్నారు. పొద్దున పార్కులో సరే. మే నెల ఎండలో, చీర మీద, రోజంతా గుడి గుడికీ విప్పుతూ తొడుగుతూ షూ ఎలా కుదురుతుంది? సాక్సులో చెమట పట్టి వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. చెప్పుల్లో, శాండల్స్‌లో ఏవైనా పనికొస్తాయా? గుడి బయట వదిలేసేవాటికి వేలకు వేలు పెట్టాలంటే మనసొప్పడం లేదు. గిరిప్రదక్షిణ చెయ్యాలని మా అత్తయ్యగారికి ఎప్పటినుంచో కోరిక. 14 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. నావల్ల అవుతుందా?

జవాబు (గుంటూరు, ఫిజియోథెరపిస్టు)

ముందు ఆ పెరిగిన ఎముక సంగతి వదిలేయండి మేడమ్. ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లో కూడా అది చాలామందికి కనిపిస్తుంది. మీ నొప్పి మడమ ఎముక అడుగున మొదలై వేళ్ల మొదళ్ల దాకా సాగే గట్టి పొరది. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండడంతో అది బిగుసుకుంటుంది, పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగుతుంది. కారులో గంటలకొద్దీ కూర్చుని దిగినప్పుడు కూడా అదే జరుగుతుంది. కాబట్టి కారు ఆగాక డోరు తీసేముందే పాదాల్ని పైకీ కిందకీ ఓ ఇరవై సార్లు ఆడించండి. చేత్తో కాలివేళ్లను మీవైపు లాగి పది సెకన్లు పట్టుకుని వదలండి, అలా పదిసార్లు. దిగాక కుంటడం చాలావరకు తగ్గుతుంది.

ఇక చెప్పులు. షూనే వేసుకోవాలని రూలేం లేదు. మడమ వెనక పట్టీ ఉన్న మంచి శాండల్ మీకు సరిపోతుంది. వెనక పట్టీ ఎందుకంటారా? వెనక ఏమీ లేని చెప్పు జారిపోకుండా అడుగడుక్కీ కాలివేళ్లు దాన్ని పట్టుకోవాల్సి వస్తుంది. మనం గమనించం గానీ రోజంతా ఆ పొర మీద లాగుడే. బొటనవేలి పట్టీ ఉన్న హవాయి చెప్పులతో ఇదే గొడవ, పైగా అవి బల్లపరుపుగా ఉంటాయి.

రెండోది, మడమ కాస్త ఎత్తులో ఉండాలి. వేళ్ల దగ్గరకంటే మడమ దగ్గర సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు ఉంటే పిక్క కండరం మడమను అంతగా లాగదు. హైహీల్స్ అని కాదు నా ఉద్దేశం.

అందరూ పొరబడేది మెత్తదనం దగ్గర. షాపులో కాలు పెట్టగానే దిగబడిపోతుంటే ‘అబ్బ, ఎంత హాయిగా ఉందో’ అని కొనేస్తాం. అంత మెత్తని సోల్ అరగంట నడిచేసరికి అణిగిపోయి, పాదం అటూ ఇటూ ఒరుగుతుంది. పైపొర మెత్తగా, కింద గట్టిగా ఉండాలి. చెప్పుని చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వేళ్లు వంగే చోట వంగాలి, మధ్యలో మడత పడితే పక్కన పెట్టేయండి. తడిబట్ట పిండినట్టు మెలితిప్పినా తేలిగ్గా తిరగకూడదు. పాదం లోపలి వంపు కింద ఉబ్బు ఉండాలి, అది వంపుకి ఆనాలి గానీ గుచ్చుకోకూడదు.

మీకు షుగర్ ఉందా? అది చెబితే చెప్పుల్లేకుండా నడిచే సంగతి మాట్లాడదాం.

జవాబు (రాజమండ్రి, చెప్పుల షాపు)

డాక్టరుగారు చెప్పింది కరెక్టు. షాపులో కూర్చునేవాడిగా నేనూ రెండు మాటలు చెబుతాను. పొద్దునే కొనకండి, సాయంత్రం రండి. ఎండాకాలం ప్రయాణంలో పాదాలు ఉబ్బుతాయి, పొద్దున సరిపోయిన సైజు మధ్యాహ్నానికి బిగుతైపోతుంది. రెండు కాళ్లకీ వేసి, లేచి నిలబడి చూడండి. అందరికీ రెండు పాదాలూ ఒకే సైజు ఉండవు, పెద్ద కాలికి సరిపోయేది తీసుకోవాలి. పట్టీలన్నీ వెల్‌క్రో ఉన్నవైతే ఉబ్బినప్పుడు వదులు చేసుకోవచ్చు, గుడి దగ్గర వంగి బకిల్సుతో తంటాలు పడక్కర్లేదు.

చాలామంది వచ్చి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు అడుగుతారు. షుగర్ ఉన్నవాళ్లకి, అరికాలు మంటలవాళ్లకి అవి మంచివే. బరువు ఒకేచోట పడకుండా ఆ రబ్బరు చూసుకుంటుంది. కానీ మామూలుగా అమ్మే ఎం.సి.ఆర్. జత బల్లపరుపుగా ఉంటుంది, వంపు కింద ఏమీ ఉండదు. మీ బాధకి కొనేటట్టయితే వంపు, మడమ ఎత్తు ఉన్న మోడల్ అడగండి, లేకపోతే ఆర్డరిచ్చి చేయించుకోండి.

డబ్బు విషయానికి వస్తే, లోపలి అట్ట ఊడి వచ్చే శాండల్స్ చూడండి. శాండల్ మామూలు రేటుది చాలు, అందులో వంపు ఉన్న మంచి ఇన్‌సోల్ వేసుకుంటారు. గుడి బయట వదిలేటప్పుడు ఇన్‌సోల్స్ ఊడదీసి సంచిలో పెట్టేసుకోండి. శాండల్ పోతే పోయింది, అసలుది మీ దగ్గరే ఉంటుంది. కాకపోతే ఇన్‌సోల్ వేశాక పాదం పైకి లేచి పట్టీ బిగుస్తుంది, అందుకని ఇన్‌సోల్ పెట్టే సైజు చూసుకోండి.

ఇంకోటి. ఈ రోజుల్లో తేలికపాటి చెప్పులన్నీ ఈ.వి.ఎ. అనే ఫోమ్‌తో వస్తున్నాయి. ఎండలో పార్క్ చేసిన కారులో వాటిని వదిలేస్తే కుంచించుకుపోతాయి. ‘సైజు తప్పు ఇచ్చావయ్యా’ అని ఎండాకాలం మా షాపుకొచ్చి దెబ్బలాడేవాళ్లలో సగం కేసులు ఇవే.

జవాబు (నెల్లూరు)

అమ్మా, ఇంత ఖర్చెందుకు? మా ఇంట్లో ఆక్యుప్రెషర్ చెప్పులు వాడతాం, ఆ బుడిపెల మీద రోజూ పావుగంట నడిస్తే నరాలన్నీ తెరుచుకుంటాయి. మా నాన్నగారు పొలంలో ఒట్టి కాళ్లతో నడిచారు, ఎనభై ఏళ్లు వచ్చినా ఏ మడమ నొప్పీ ఎరగరు. మట్టి మీద చెప్పుల్లేకుండా నడిస్తే అదే తగ్గిపోతుంది.

జవాబు (గుంటూరు, ఫిజియోథెరపిస్టు)

బాబాయిగారూ, మీ నాన్నగారు నడిచింది పొలం మట్టి మీద, అదీ చిన్నప్పటి నుంచి. ఈవిడ రోజంతా తిరిగేది టైల్స్ మీద, రేపు నడవబోయేది సిమెంటు, నల్లరాయి మీద. వాచి ఉన్న పొరని ఆ బుడిపెలతో పొడిస్తే నొప్పి పెరుగుతుందే తప్ప తగ్గదు. వాపు పోయాక మీ ఇష్టం. ఇంట్లో చెయ్యాలనుకుంటే నీళ్ల సీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, టవల్ వేసి, దాని మీద అరికాలిని పది నిమిషాలు దొర్లించమనండి. లాడ్జిలో దిగాక సాయంత్రం కూడా చేసుకోవచ్చు, చల్లని సీసా ఎక్కడైనా దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్సండీ. నాకు షుగర్ లేదు, అత్తయ్యగారికి ఉంది, పదిహేనేళ్లు దాటింది. ఇన్‌సోల్ తీసి సంచిలో పెట్టుకోమన్న ఐడియా మావారికి తెగ నచ్చింది. నిన్న సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర రెండు షాపులు తిరిగాం. వంచి, మెలితిప్పి చూస్తుంటే సేల్స్ అబ్బాయి ఖంగారుపడ్డాడు. చివరికి వెనక పట్టీ, మూడు వెల్‌క్రోలు, ఊడి వచ్చే అట్ట ఉన్నది ఒకటి దొరికింది. మడమ ఎత్తు అంగుళంలో సగం కంటే కాస్త తక్కువ. ఇప్పటినుంచే వేసుకోవాలా, ప్రయాణానికి దాచుకోవాలా? చెప్పుల్లేకుండా తిరగాల్సిన చోట ఏం చెయ్యాలో కూడా చెప్పండి.

జవాబు (గుంటూరు, ఫిజియోథెరపిస్టు)

దాచుకోకండి. రేపటి నుంచే ఇంట్లో రోజూ గంట, తర్వాత రెండు గంటలు, అలా పెంచుతూ పోండి. వంపు కింద ఆసరా అలవాటు లేని పాదానికి మొదట్లో వింతగా ఉంటుంది. కొత్త జతతో యాత్రకి బయల్దేరితే బొబ్బలు ఖాయం. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగడం ఇప్పటికైతే మానేయాలి. లాడ్జిలో మంచం పక్కనే జత పెట్టుకుని, బాత్‌రూమ్‌కి వెళ్లే మొదటి అడుగు కూడా అందులోనే వెయ్యండి.

గుళ్లో అంటే, టేపింగ్ అని ఒకటి ఉంది. సాగని గట్టి టేపుని అరికాలు వంపు కింద ఒక పద్ధతిలో వేస్తే చెప్పు చేసే పనిలో కొంత అది చేస్తుంది. కొద్ది రోజుల ప్రయాణానికి బాగా పనికొస్తుంది. దగ్గర్లో ఫిజియో దగ్గరికెళ్లి ఒకసారి వేయించుకుని, మీవారికి కూడా నేర్పించుకోండి, ఫోన్‌లో వీడియో చూసి వెయ్యొద్దు. చర్మం దురద పెడితే తీసేయండి. దాని మీద మందపాటి కాటన్ సాక్సు, మడమ దగ్గర సిలికాన్ ప్యాడ్. సాక్సు వద్దంటే అక్కడ తీసేయాల్సిందే, టేపు మాత్రం ఉంటుంది. నీళ్లు పోసిన నల్లరాయి మీద సాక్సు జారుతుంది, గోడ పక్కగా నడవండి. తడిసినవి మార్చుకోడానికి ఇంకో జత ఉంచుకోండి.

అత్తయ్యగారి విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. పదిహేనేళ్ల షుగర్ అంటే అరికాళ్లకి స్పర్శ తగ్గి ఉండొచ్చు. రాయి కాలుతున్నా తెలియదు, గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు. తారు రోడ్డు మే మధ్యాహ్నం గాలికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, తెలియకుండానే బొబ్బలు లేచిపోతాయి. ఆవిడని రోడ్డు మీద ఒట్టి కాళ్లతో నడవనివ్వకండి. గుడి లోపల పొద్దునే చల్లగా ఉన్నప్పుడు, సాక్సుతో, తక్కువ దూరం. రాత్రి పడుకునేముందు రెండు అరికాళ్లూ లైటు వేసి మీరే చూడండి.

జవాబు (తిరువణ్ణామలైలో ఉంటున్న తెలుగువారు)

అక్కా, ఇక్కడి సంగతులు నేను చెబుతాను. చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చెయ్యడం ఆచారం, కానీ వేసుకున్నారని దారిలో ఎవరూ ఆపరు. కాలు బాగోలేనివాళ్లు, పెద్దవాళ్లు చెప్పులతో నడుస్తుంటారు. దారి పొడవునా ఉండే అష్టలింగాల గుళ్ల దగ్గర విప్పి దణ్ణం పెట్టుకుని మళ్లీ తొడుక్కుంటారు. ఆటోలో తిరిగేవాళ్లూ బోలెడుమంది. ఇంద్రలింగం నుంచి ఈశాన్యలింగం దాకా ఎనిమిదీ చూపిస్తారు. నా మాట వింటే మీరిద్దరూ ఆటోలో వెళ్లి, మీరు మాత్రం ఒక లింగం నుంచి పక్క లింగం దాకా, ఎంత వీలైతే అంత నడవండి. 14 కిలోమీటర్లూ ఒకేసారి నడిచి మర్నాడు కంచిలో గదిలో పడుకునే బదులు అది నయం. పౌర్ణమి మాత్రం పెట్టుకోవద్దు. ఆ రాత్రి లక్షల్లో జనం ఉంటారు, ఆటో దొరకదు, కాలు నొప్పెట్టినా ఆగడానికి చోటుండదు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే ఎండెక్కేలోగా అయిపోతుంది. మీరొచ్చేది రోహిణి కార్తె ముందు, తొమ్మిది దాటితే రోడ్డు మీద నిలబడలేరు.

మీ లిస్టులో కాలికి అసలు పరీక్ష శ్రీపురం. గుడి చుట్టూ నక్షత్రం ఆకారంలో కట్టిన నడకదారి దాదాపు కిలోమీటరున్నర పైనే ఉంటుంది, చెప్పులు ముందే వదలాలి. పైన నీడ ఉంటుంది కాబట్టి కాళ్లు కాలవు గానీ దూరం ఎక్కువ. టేపు ఆ రోజు తప్పకుండా వేయించుకోండి. అత్తయ్యగారికి వీల్‌చైర్ ఉంటుందేమో గేటు దగ్గరే అడగండి.

అరుణాచలేశ్వరుడి గుడికి నాలుగు దిక్కులా నాలుగు గోపురాలు. తూర్పు రాజగోపురం దగ్గర చెప్పులు వదిలి, దర్శనం అయ్యాక జనంతో పాటు ఇంకో గోపురం నుంచి బయటపడితే, ఎండలో ఒట్టి కాళ్లతో ప్రహరీ చుట్టి రావాలి. ఎటు వెళ్లారో అటే బయటికి రండి.

ప్రశ్న అడిగినవారు

అత్తయ్యగారు ఆటోకి ఒప్పుకున్నారు! ‘అరుణాచలం చుట్టూ తిరగడం ముఖ్యం గానీ కాళ్లు కాల్చుకోవడం కాదులే’ అన్నారు. ఆవిడకి ఎం.సి.ఆర్.లో వెనక పట్టీది ఆర్డరిచ్చాం. టేపింగ్‌కి సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆటో గుడి దగ్గరే దొరుకుతుందా తమ్ముడూ, లాడ్జివాళ్లని ముందే మాట్లాడమనాలా?

జవాబు (తిరువణ్ణామలైలో ఉంటున్న తెలుగువారు)

గుడి దగ్గర ఎప్పుడూ ఉంటాయక్కా, కానీ తెల్లవారుజాము కదా, ముందురోజు రాత్రే మాట్లాడి ఉంచుకోండి. ఎనిమిది లింగాల దగ్గరా ఆపాలి, మధ్యలో మీరు నడుస్తారు కాబట్టి వెయిటింగ్ ఉంటుంది అని ఎక్కేముందే చెప్పి రేటు తేల్చుకోండి. తర్వాత అడిగితే పేచీ పెడతారు. తెలుగులో మాట్లాడినా అర్థం చేసుకుంటారు, ఇప్పుడిక్కడికి వచ్చేవాళ్లలో మనవాళ్లు చాలామందే.