ఫోర్ట్‌నైట్‌లో ‘రెనెగేడ్ రైడర్’ ఉన్న పాత అకౌంట్ కొనివ్వమంటున్నాడు మా బాబు, కొనొచ్చా?

ఫ్రిస్కో అమ్మ

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఉంటాం, బాబు ఐదో తరగతి. వచ్చే నెల వాడి పుట్టినరోజు. ఏం కావాలి నాన్నా అని అడిగితే సైకిల్ వద్దట, లెగో వద్దట, ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో రెనెగేడ్ రైడర్ అనే స్కిన్ ఉన్న అకౌంటే కావాలట. క్లాస్‌మేట్ వాళ్ళ అన్నయ్యకి తెలిసిన ఎవరో డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో 150 డాలర్లకి అమ్ముతున్నాడు, డబ్బులు పంపితే ఈమెయిలూ పాస్‌వర్డూ ఇచ్చేస్తాడు అంటున్నాడు. ఆటలో బొమ్మకి వేసే బట్టలే కదా ఇవి, అంత ఖరీదు ఎందుకు? అది ఉంటే ఆటలో ఏమైనా లాభమా? వాడి దగ్గర ఏ స్కినూ లేదని స్కూల్లో ‘డిఫాల్ట్’ అని ఏడిపిస్తున్నారట, అందుకే నాకు టెన్షన్. నాకూ మా ఆయనకీ ఈ ఆట గురించి బొత్తిగా తెలియదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాత లాకర్

అక్కా, ముందు ఆ 150 డాలర్లు ఎవరికీ పంపకండి. మిగతావన్నీ తర్వాత.

అకౌంట్ అమ్మడం, కొనడం రెండూ ఈ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ నిబంధనలకి విరుద్ధం. పట్టుబడితే అకౌంట్ మూసేస్తారు, అప్పుడు మీరు ఎవరినీ అడగలేరు. అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటి ఉంది. అమ్మినవాడు డబ్బులు తీసుకుని కొన్నాళ్ళు ఊరుకుంటాడు, ఆ తర్వాత సపోర్ట్‌కి రాసి, ఈ అకౌంట్ నాది, మొదట తెరిచిన ఈమెయిల్ ఇదీ, పాత కొనుగోళ్ళ రసీదులు ఇవీ అని చూపించి వెనక్కి లాక్కుంటాడు. రికార్డు ప్రకారం అది నిజంగా వాడిదే కాబట్టి వాళ్ళు వాడికే ఇస్తారు. అదే అకౌంట్‌ని మళ్ళీ ఇంకో పిల్లాడికి అమ్ముతాడు. ఈలోగా మీవాడు అందులో మీ కార్డుతో ఏమైనా కొని ఉంటే అవీ పోయినట్టే.

ఇక స్కిన్ సంగతి. ఫోర్ట్‌నైట్‌లో వేషాలు కేవలం వేషాలే. తుపాకీ దెబ్బ పెరగదు, పరుగు వేగం మారదు, ప్రాణం ఎక్కువ రాదు. రెండు వేల వీ-బక్స్ (డబ్బులిచ్చి కొనుక్కునే ఆటలోని కరెన్సీ) స్కిన్ వేసుకున్నవాడూ ఏమీ కొననివాడూ ఆటలో సమానమే. ఈ ఆట ఇంతమందికి ఇంత నచ్చడానికి ఇదొక పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

మరి రెనెగేడ్ రైడర్‌కి అంత పేరెందుకు? బ్యాటిల్ రాయల్, అంటే ఆఖరిదాకా మిగిలినవాడే గెలిచే ఈ ఆట, మొదలైంది 2017 సెప్టెంబర్ చివర్లో. మొదటి సీజన్‌లో ఇప్పుడున్నట్టు బ్యాటిల్ పాస్ (సీజన్‌కోసారి కొని, ఆడేకొద్దీ ఒక్కో అంచెలో బహుమతులు గెలుచుకునేది) లేదు, సీజన్ షాప్ అని ఉండేది. ఆ షాప్‌లో ఈ అమ్మాయి స్కిన్ కొనాలంటే 20వ లెవెల్ దాటాలి, ఆపైన 1200 వీ-బక్స్ పెట్టాలి. పాతకాలం పైలట్ టోపీ, దాని మీద గాగుల్స్, చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఆ రోజుల్లో ఆడేవాళ్ళే తక్కువ, ఆడేవాళ్ళలో వేషానికి డబ్బులు పెట్టేవాళ్ళు ఇంకా తక్కువ, కాబట్టి కొన్నవాళ్ళు బాగా కొద్దిమంది. 2018లో ఆట ఒక్కసారిగా ప్రపంచమంతా పాకిపోయాక, ఈ స్కిన్ ఎవరి ఒంటిమీద కనిపిస్తే వాళ్ళు మొదటి నుంచీ ఉన్నవాళ్ళని గుర్తు. అందుకే ఏళ్ళ తరబడి దాన్ని అడ్డం పెట్టుకుని అకౌంట్లు అమ్మారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ స్కిన్ 2024 డిసెంబర్‌లో, పాత రోజుల ఆటని మళ్ళీ ఆడనిచ్చే ఓజీ మోడ్ వచ్చిన రోజుల్లో, మామూలు ఐటమ్ షాప్‌లోకి తిరిగి వచ్చేసింది. కావాలనుకున్నవాళ్ళంతా కొనుక్కున్నారు. ఇంకా ‘ప్రపంచంలోనే అరుదైనది’ అని 150 డాలర్లు అడుగుతున్నవాడు మీ బాబుకి ఈ సంగతి తెలియదని ధైర్యంగా అడుగుతున్నాడు.

ఫ్రిస్కో అమ్మ

చాలా థ్యాంక్స్ తమ్ముడూ, వాడికి చదివి వినిపించాను. కాసేపు అలిగాడు. ఇప్పుడేమో బ్లాక్ నైట్ అంటున్నాడు, ఇంకెవరో తన దగ్గరున్న బ్లాక్ నైట్‌ని గిఫ్ట్‌గా పంపిస్తాడట, 40 డాలర్లు ఇస్తే చాలట. ఇది కూడా అలాంటిదేనా? అసలు ఈ పేరున్న స్కిన్‌లు ఏవి, వాటిలో మేము మామూలుగా కొనగలిగేవి ఏవి, అది చెప్తే వాడితో కూర్చుని ఒకటి ఎంచుకుంటాను.

పాత లాకర్

అదీ అబద్ధమే అక్కా, ఇంకా సులువుగా తేలిపోయే అబద్ధం. ఒకరి లాకర్‌లో, అంటే వాళ్ళ వేషాలు దాచుకునే చోట, ఉన్న స్కిన్‌ని ఇంకొకరికి పంపే దారి ఆటలో లేనే లేదు. ఆ రోజు ఐటమ్ షాప్‌లో అమ్మకానికి ఉన్నదాన్నే కొత్తగా కొని గిఫ్ట్ చేయగలం. బ్లాక్ నైట్ రెండో సీజన్ బ్యాటిల్ పాస్‌లో ఆఖరి బహుమతి, 70వ అంచె దాకా ఆడినవాళ్ళకే వచ్చింది. 2017 డిసెంబర్ నుంచి 2018 ఫిబ్రవరి దాకా ఆ సీజన్. నల్లటి కవచం, శిరస్త్రాణం లోంచి ఎర్రగా మెరిసే కళ్ళు. నా దృష్టిలో ఈ ఆట మొత్తంలో గౌరవం తెచ్చిపెట్టే స్కిన్ ఇదే, ఎందుకంటే ఇది డబ్బుతో పాటు ఆడి సంపాదించాల్సినది. రెనెగేడ్ రైడర్ కంటే దీన్ని నేను పైన పెడతాను.

బ్యాటిల్ పాస్ స్కిన్‌ల విషయంలో ఒక మార్పు తెలుసుకోవాలి. మొదట్లో ఆ సీజన్ దాటితే మళ్ళీ రావని చెప్పేవాళ్ళు. 2024 ఆగస్ట్‌లో ఐదో అధ్యాయం నాలుగో సీజన్ మొదలైనప్పుడు మాట మార్చారు. అక్కడి నుంచి వచ్చే పాస్‌లలోని వస్తువులు, పాస్ అయిపోయిన 18 నెలల తర్వాత షాప్‌లోకి రావొచ్చు అన్నారు. అంతకు ముందు పాస్‌లకి ఇది వర్తించదు. కాబట్టి బ్లాక్ నైట్ మీద ఆశ పెట్టుకోవద్దని బాబుకి చెప్పండి. దాని పోలికతో 2023 నవంబర్ ఓజీ సీజన్ పాస్‌లో స్పెక్ట్రా నైట్ అని ఒకటి ఇచ్చారు, అదీ పాస్‌దే.

మామూలుగా కొనగలిగేవాటిలో నేనైతే మొదట స్కల్ ట్రూపర్ అంటాను. నల్ల దుస్తుల మీద తెల్లగా ఎముకల గూడు, ముఖాన పుర్రె రంగు. 2017 అక్టోబర్‌లో హాలోవీన్‌కి వచ్చింది, ఏడాది పాటు మాయమైంది, అప్పుడు దీని పేరుతోనూ ఇలాగే అకౌంట్లు అమ్మారు. 2018 అక్టోబర్‌లో తిరిగొచ్చింది. మొదట కొన్నవాళ్ళు మా విలువ పోయిందని గొడవ చేస్తారని, వాళ్ళకి మాత్రం ఊదారంగులో మెరిసే ఇంకో రూపం ఉచితంగా ఇచ్చారు. గూల్ ట్రూపర్‌కీ ఇంతే, 2019లో తిరిగొచ్చినప్పుడు పాతవాళ్ళకి గులాబీ రంగు రూపం ఇచ్చారు. ఈ పద్ధతి నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది, కొత్త పిల్లాడికీ వేషం దొరుకుతుంది, పాతవాడి గుర్తూ పోదు. హాలోవీన్ రోజుల్లో ఈ రెండూ షాప్‌లో కనిపించే అవకాశం ఎక్కువ.

పీలీ సంగతి తప్పకుండా చెప్పాలి. మనిషంత అరటిపండు, కాళ్ళూ చేతులూ ఉంటాయి, ఆట సాగేకొద్దీ పండి మచ్చలు పడుతుంది. 2019లో ఎనిమిదో సీజన్ పాస్‌లో వచ్చింది. ఆటకి గుర్తు ఏదంటే చాలామంది పిల్లలు తుపాకీ పట్టుకున్న సైనికుణ్ణి కాదు, ఈ అరటిపండునే చూపిస్తారు. 2021 మేలో ఎపిక్‌కీ యాపిల్‌కీ కాలిఫోర్నియా కోర్టులో కేసు నడిచినప్పుడు పీలీ బొమ్మ కోర్టులో తెర మీదకి వచ్చింది, అదీ కోటు వేసుకున్న ఏజెంట్ పీలీ, ఎందుకంటే బట్టల్లేని అరటిపండు కోర్టులో బాగోదని యాపిల్ లాయర్ అన్నాడు. మొదటి పీలీ పాస్‌దే అయినా, పీలీ కుటుంబంలో రకరకాల వేషాలు షాప్‌లోకి వస్తూనే ఉంటాయి. ఐదో తరగతి పిల్లాడికి పుర్రెల కంటే ఇదే బాగుంటుందని నా అభిప్రాయం. నవ్వొస్తుంది, భయం ఉండదు, పేరూ పెద్దదే. పండు వద్దంటే ఫిష్‌స్టిక్ చూపించండి, నిలువెత్తు చేప, అదీ షాప్ స్కినే. కడల్ టీమ్ లీడర్ అని గులాబీ రంగు ఎలుగుబంటి ఒకటుంది, 2018 నుంచీ చెక్కుచెదరని పేరు, కానీ 2000 వీ-బక్స్.

గెలాక్సీ, ట్రావిస్ స్కాట్ అని కూడా వాడు అనొచ్చు. గెలాక్సీ 2018 ఆగస్ట్‌లో సామ్‌సంగ్ నోట్ 9 ఫోన్ లేదా వాళ్ళ ట్యాబ్ ఎస్4 కొన్నవాళ్ళకి ఇచ్చినది, ఒళ్ళంతా నక్షత్రాలతో చాలా అందంగా ఉంటుంది, దాని వెనక పడకండి. ట్రావిస్ స్కాట్ స్కిన్ 2020 ఏప్రిల్‌లో ఆటలోనే కచేరీ జరిగినప్పటిది. లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్ళలో ఉన్న సమయం, మొదటి ప్రదర్శనకి ఒకేసారి 1.23 కోట్ల మంది ఆటలోకి వచ్చారు. దాని పేరంతా ఆ రాత్రిదే.

బెజవాడ గేమర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ మన దగ్గర ఫ్రీ ఫైర్ అనే ఫోన్ గేమ్‌లో అచ్చం ఇదే నడుస్తోంది. 2018లో వచ్చిన మొదటి ఎలీట్ పాస్ (బ్యాటిల్ పాస్ లాంటిదే) సకురా బండిల్ అనే వేషాల సెట్, రెండో పాస్ హిప్ హాప్ బండిల్, ఈ రెండూ ఉన్న ఐడీ అని చెప్పి ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో వేలకి వేలు అడుగుతారు. పిల్లలు అమ్మానాన్నలకి చెప్పకుండా ఫోన్‌పేలో పంపేస్తారు, పంపిన మరుక్షణం బ్లాక్. యూపీఐలో డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఇండియాలో ఉన్నవాళ్ళు గుర్తుంచుకోండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. అక్కా, మీరు ముందుగా అడగడం చాలా మంచి పని.

జెర్సీ పిన్ని

మా ఇంట్లో ఇద్దరు ఆడతారు కాబట్టి సెట్టింగుల వరకు నేను చెప్తానమ్మా. బాబుకి 13 నిండలేదు కదా, అకౌంట్ తెరిచేటప్పుడు అసలు పుట్టిన తేదీయే ఇవ్వండి. 2022 డిసెంబర్ నుంచి చిన్నపిల్లలకి వేరే రకం అకౌంట్ పెట్టారు, మీ ఈమెయిల్ నుంచి మీరు ఒప్పుకునే దాకా మాట్లాడటం, డబ్బులతో కొనడం రెండూ ఆగి ఉంటాయి. పేరెంటల్ కంట్రోల్స్‌లో ఆరంకెల పిన్ పెట్టండి, అది వాడి పుట్టిన తేదీయో మీ ఫోన్ నంబర్‌లోని అంకెలో అయితే పది నిమిషాల్లో కనిపెట్టేస్తారు. వాడి అకౌంట్‌లో మీ క్రెడిట్ కార్డు సేవ్ చేయకండి, గిఫ్ట్ కార్డు కొని మీరే కోడ్ కొట్టండి, అంతకు మించి ఖర్చయ్యే ప్రసక్తే ఉండదు.

పుట్టినరోజు నాడు ఇంకెవరైనా గిఫ్ట్‌గా పంపేలా అయితే ఇప్పుడే మొదలుపెట్టాలి. పంపేవాళ్ళ అకౌంట్‌కి టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే రక్షణ) ఆన్‌లో ఉండాలి, ఇద్దరూ ఆటలో ఫ్రెండ్స్ అయి కనీసం 48 గంటలు గడవాలి. ఆ రోజు ఉదయం యాడ్ చేసి సాయంత్రం పంపుదామంటే కుదరదు. గిఫ్ట్ ఒకసారి వెళ్ళాక వెనక్కి రాదు. సొంతంగా కొన్నదైతే, వాడకుండా ఉంటే 24 గంటల లోపు కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. ఆ తర్వాతైతే రిటర్న్ టికెట్లని కొన్నే ఉంటాయి, 30 రోజుల లోపు కొన్నవాటికే పనికొస్తాయి.

ఈ రద్దు సౌకర్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒక్క బటన్ తగిలితే కొనుగోలు అయిపోయేలా పెట్టారని, పిల్లలు తెలియకుండా కొనేస్తున్నారని ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 2022 డిసెంబర్‌లో ఎపిక్ 24.5 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే గానీ కొనుగోలు జరగదు. అయినా పదేళ్ళ పిల్లాడు ఆత్రంలో నొక్కి పట్టుకుంటాడు, కాబట్టి పిన్ పెట్టడమే మేలు.

ఫ్రిస్కో అమ్మ

పిన్నిగారూ, తమ్ముడూ, అన్నీ రాసుకున్నాను. పీలీ వీడియో చూపిస్తే పడీ పడీ నవ్వాడు, స్కల్ ట్రూపర్ కూడా నచ్చింది. ఒక్కటే అడుగుతాను, స్కూల్లో డిఫాల్ట్ అని ఏడిపించడం గురించి. పేరున్న స్కిన్ లేకపోతే నిజంగానే చిన్నచూపు చూస్తారా?

పాత లాకర్

చూస్తారు అక్కా, దాచను. ఏమీ కొననివాళ్ళకి ఆట తనంతట తనే ఇచ్చే ఉచిత వేషాలని డిఫాల్ట్ అంటారు, కొత్తగా వచ్చినవాడు, ఆడటం రానివాడు అనే అర్థంలో ఆ మాట వాడతారు. పిల్లల మధ్య అది గట్టిగానే తగులుతుంది. కానీ వాళ్ళు ఏడిపించే ఆ వేషాల్లోనే జోన్సీ ఉన్నాడు. పసుపు జుట్టు, ఆకుపచ్చ టీషర్ట్, మొదటి రోజు నుంచీ ఆటలో ఉన్నాడు, తర్వాత కథలో ఏజెంట్ జోన్స్‌గా కనిపించి ఏళ్ళ తరబడి కథ నడిపించాడు. నన్నడిగితే మొత్తం ఆటకి ముఖం అతనే. బాగా ఆడేవాళ్ళు కొందరు కావాలనే ఆ వేషంతో దిగుతారు, ఎదుటివాడు తేలిగ్గా తీసుకుంటాడు కదా అని. ఇది బాబుకి చెప్పండి, స్కిన్ కొన్నా సరే చెప్పండి. ఏడిపించడం మాటలు దాటి రోజూ సాగుతుంటే మాత్రం స్కిన్‌తో సరిపెట్టకుండా టీచర్‌తో మాట్లాడండి.

కొనేటప్పుడు ధర చూసుకోవడానికి, స్కల్ ట్రూపర్ లాంటివి 1500 వీ-బక్స్, ఫిష్‌స్టిక్ 1200 అలా ఉంటాయి. గిఫ్ట్ కార్డు ముందే కొని ఉంచుకోండి గానీ వీ-బక్స్ వేరే దేనికీ వాడనివ్వకండి, వాడు అనుకున్న స్కిన్ ఆ రోజే షాప్‌లో ఉండాలని లేదు. షాప్ రోజూ యూటీసీ అర్ధరాత్రికి మారుతుంది, అంటే మీ టెక్సాస్‌లో వేసవి టైమ్ ప్రకారం సాయంత్రం 7, చలికాలంలో 6. ఈ రాత్రి నుంచే ఆ టైమ్‌కి ఇద్దరూ కలిసి ఓసారి చూస్తూ ఉండండి. పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందే పీలీ కుటుంబంలో ఏదైనా వేషం కనిపిస్తే, ఆగకుండా కొనేయండి.