కొలంబోలో ప్రభుత్వం మారితే మిర్చి ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

శ్రీలంకకు ఎండుమిర్చి పంపే గుంటూరు ఎగుమతిదారులు కాస్త చెప్పండి. 2024 సెప్టెంబరులో అధ్యక్షుడైన అనుర కుమార దిసనాయకే దగ్గరే ఆర్థికశాఖ కూడా ఉంది. 2007 నాటి ప్రత్యేక సరుకుల సుంకం చట్టం కింద ఆర్థికమంత్రి ఒక్క గెజిట్‌తో రేటు మార్చేయవచ్చు. సరుకు ఓడెక్కాక సుంకం పెరిగితే? సీఐఎఫ్ ధరకు (సరుకు, బీమా, ఓడ కిరాయి కలిపిన ధర) అమ్మినా సుంకం కట్టాల్సింది కొన్నవాడే, కాగితం మీద. నిజానికి అతను బేరం తిరగదోడతాడు, లేదా కంటైనర్ విడిపించుకోడు. డెమరేజీ (కంటైనర్ రేవులో నిలిచిపోతే కట్టే రుసుము) రోజురోజుకూ పెరుగుతుంది. 2022లో అక్కడ డాలర్లు లేక ఎల్సీలు (కొన్నవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రాలు) తెరవడమే కష్టమైంది.

సుంకం మార్పు షరతు ఏ మాటల్లో రాయిస్తున్నారు? ఎల్సీకి మన బ్యాంకు కన్ఫర్మేషన్ (వాళ్ల బ్యాంకు కట్టకపోయినా తను కడతానన్న హామీ) ఉంటే చాలా, ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పాలసీ కూడా కావాలా? అడ్వాన్సు ఎంత శాతం అడగొచ్చు?